ఇల్లు లేని లెక్క

ఫిబ్రవరి 1, బుధవారం

పొద్దున ట్యాబ్లెట్లు ఒక్కటీ వెలగలేదు. ల్యాబులో బొగ్గుల పొయ్యి నిన్న సాయంత్రమే ఆరిపోయింది, చలికి బ్యాటరీలు చచ్చి ఊరుకున్నాయి. పన్నెండు ట్యాబ్లెట్లు కాదు, పన్నెండు ఇటుకలు. మూడో క్లాసు పిల్లలు ఇరవై ముగ్గురూ గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తున్నారు. వాళ్ళ వెనక క్లాసు టీచరు సైరా ఎజె, బడి మొత్తానికీ అక్క.

"ఏం బెక్తూర్, నీ యంత్రాలకి జలుబు చేసిందా?"

ఓముర్ అని ఒక పొట్టివాడు, ఎవరూ చెప్పకుండానే ఒక ట్యాబ్లెట్ తీసి కోటులో దోపి చంకలో పెట్టుకున్నాడు. "మా నాన్న అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని ఇట్లాగే వేడెక్కిస్తాడు బైకె" అన్నాడు, అన్నయ్యని పిలిచినట్టు. అందరూ అదే పని మొదలుపెట్టారు. పది నిమిషాలకి ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి.

నేను తయారు చేసిన లెక్కల గేమ్ నచ్చింది వాళ్ళకి. నేల మీద పరిచిన గుడ్డ, గుడ్డ మీద నూనెలో వేయించిన బొర్సోకులు, చుట్టూ అతిథులు, ఒక్కొక్కరి ముందు పళ్ళెం. వేలితో బొర్సోకు లాగి పళ్ళెంలో పడెయ్యాలి. సరిగ్గా పడితే పచ్చరంగు, గంట. తప్పితే ఎరుపు. కూడికలు, తీసివేతలు అయిపోయాయి. ఏడో లెవెల్ నుంచి భాగహారం.

బడి డైరెక్టర్ ఎసెన్‌గుల్ బైకె మాటిచ్చాడు. మార్చిలో జిల్లా నుంచి మనుషులొస్తారు, చూసి మెచ్చుకుంటే ల్యాబు ఉద్యోగం నాకే. "ఎనిమిదిలో బడి మానేశావని నేనెవరికీ చెప్పన్లే" అన్నాడు. ఇరవై రెండేళ్ళకి ఇది నా ఆరో పని. ఇది కూడా పోతే మళ్ళీ సైబీరియా వెళ్ళి కార్లు కడగాలి.

ఫిబ్రవరి 3, శుక్రవారం

ఏడో లెవెల్ మొత్తం ఎరుపు. పన్నెండు బొర్సోకులు, నలుగురు అతిథులు. తలా మూడు. ఒక్కరికీ రాలేదు!

ముందు నా కోడ్‌లోనే తప్పుందనుకుని చెమటలు పట్టాయి. తర్వాత వెళ్ళి పక్కన కూర్చుని చూశాను. బొమ్మలో గడ్డం, కల్పాక్ టోపీ ఉన్న ముసలాయనకి ఐదు పెడుతున్నారు. మిగతావాళ్ళకి మూడు, రెండు, రెండు.

"ఐదెందుకురా ఆయనకి?"

"పెద్దాయన కదా" అన్నాడు ఓముర్.

"సమానంగా పంచమని రాసుందిగా?"

"సమానంగానే పంచాం బైకె. ఎవరికి తగ్గట్టు వాళ్ళకి."

సైరా ఎజె కిటికీ వైపు తిరిగింది. నవ్వు ఆపుకుంటోందని భుజాలు చెప్తున్నాయి.

ఇంటికొచ్చి ముసలాయన గడ్డం గీసేశాను. టోపీ కూడా తీసేశాను.

ఫిబ్రవరి 7, మంగళవారం

ఇంకా ఎరుపే. ఇప్పుడు తలుపుకి ఎదురుగా, లోపలి చోట కూర్చున్నవాడికి ఎక్కువ పెడుతున్నారు.

"వీడికి గడ్డం లేదుగా?"

"అక్కడ కూర్చోబెట్టారంటే పెద్దోడే" అన్నాడు ఓముర్. "గడ్డం గీసుకున్నాడేమో."

ఇంటికొచ్చి బొమ్మలోంచి తలుపు తీసేశాను. తలుపు తీస్తే గోడ బాగోలేదు, గోడ కూడా తీసేశాను. మీర్గుల్ వదిన టీ తెచ్చి స్క్రీన్ వైపు తొంగి చూసింది.

"వీళ్ళెక్కడ కూర్చున్నారు మరిదీ? ఆకాశంలోనా?"

"లెక్కలో కూర్చున్నారు."

"చలేస్తుందేమో పాపం" అని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 8, బుధవారం

పచ్చ! ఇరవై ఇద్దరికి పచ్చ. గంటలకి చెవులు పోయాయి. ఎసెన్‌గుల్ బైకె కారిడార్లోంచి వచ్చి మరీ చూశాడు.

ఇరవై మూడో పిల్ల కుందుజ్.

ఫిబ్రవరి 13, సోమవారం

కుందుజ్ పొయ్యి పక్కన చివరి బల్లలో కూర్చుంటుంది. మాట్లాడదు. అంటే మూగ కాదు, మాట్లాడదు అంతే. తల్లి రష్యాలో పనిచేస్తోంది. ఇంట్లో బాత్మా అవ్వ ఒక్కతే. అవ్వకి మోకాళ్ళు పోయాయి, గడప దాటదు.

ఏడో లెవెల్‌లో నలభై లెక్కలు. కుందుజ్‌కి నలభైకి సున్నా. వేరే పిల్లలైతే ఎరుపు రాగానే "ఛ" అని బల్ల గుద్దుతారు. ఈ పిల్ల మొహం కూడా కదలదు. ఎరుపు చూస్తుంది, తర్వాతి లెక్క నొక్కుతుంది.

డైరెక్టర్ ల్యాబుకొచ్చి గోడ మీద గ్రాఫ్ చూశాడు. ఇరవై రెండు పచ్చ గీతలు, చివర ఒకటి ఎర్రది.

"ఎవర్రా ఇది?"

చెప్పాను.

"ఆ. దాని సంగతి ఎప్పుడో తేల్చాల్సింది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మార్చి పద్నాలుగున వచ్చే జిల్లా వాళ్ళే మందబుద్ధి పిల్లల్ని కూడా చూసి తేలుస్తారట. తేలిస్తే నారిన్ పట్నంలో హాస్టలు బడి. "ఊరికే నోటిమాట వినరు వాళ్ళు, కాయితం కావాలి. నీ గ్రాఫ్ జతచేస్తే నా పని సులువు. నీ పని కూడా వాళ్ళకి తెలుస్తుంది. రేపటికల్లా తీసివ్వు."

ఫిబ్రవరి 14, మంగళవారం

ఇచ్చాను. రెండు పేజీలు, రంగుల్లో. కింద 'తయారు చేసినది: బెక్తూర్, ల్యాబ్ సహాయకుడు' అని. ఈ బళ్ళో నా పేరు అచ్చులో పడటం ఇదే మొదటిసారి. ఇంతకుముందు బల్లల మీద మేకుతో గీసిందే.

నేనిచ్చింది స్కోర్ మాత్రమే. ఆ స్కోర్ కూడా నేను వేసింది కాదు, గేమ్ వేసింది.

ఫిబ్రవరి 15, బుధవారం

స్కోర్ మాత్రమే ఇచ్చాను.

ఫిబ్రవరి 20, సోమవారం

క్లాసయ్యాక సైరా ఎజె ఆగింది. పిల్లలు మర్చిపోయిన చేతి తొడుగులు ఏరుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"కుందుజ్ కాయితం పంపించావంట."

"డైరెక్టర్ అడిగాడు ఎజె."

"ముప్పై ఆరేళ్ళ నుంచి పిల్లల్ని చూస్తున్నా. అది మందబుద్ధి పిల్ల కాదు బెక్తూర్. మాట తక్కువ, అంతే."

"ఆ మాట ఆయనకే చెప్పండి."

"చెప్పకుండా ఉంటానా? 'మీది అభిప్రాయం ఎజె, అది లెక్క' అన్నాడు." తొడుగు ఒకటి జత దొరక్క చేతిలోనే పట్టుకుంది. "ఆ పిల్లని హాస్టల్లో పడేస్తే బాత్మాకి పొయ్యి ఎవరు వెలిగిస్తారు? నీళ్ళెవరు తెస్తారు? తెల్లారేసరికి రెండూ చేసి బడికొస్తుంది ఆ పిల్ల. లెక్క రాదంట!"

నాకు కోపం వచ్చింది. ఎందుకో ఆమె మీదే వచ్చింది.

"నాలుగో క్లాసులో నా రిపోర్టు మీద మీరేం రాశారో గుర్తుందా?"

"ఏం రాశాను?"

"'ఈ పిల్లవాడికి కూర్చోవడం రాదు' అని."

"రాసుంటాను" అంది. "రాదుగా మరి. ఇప్పుడు చూడు, నాలుగుసార్లు లేచావ్."

నవ్వుతూనే అంది, ప్రేమగానే అంది. ఆమెకి గుర్తు కూడా లేదు. ఆ ఒక్క వాక్యం ఐదో క్లాసులోకి నాకంటే ముందెళ్ళింది. ఆరో క్లాసులోకీ ముందెళ్ళింది. కొత్త టీచరు ఎవరొచ్చినా ముందు దాన్ని చదివి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. బల్ల కిర్రుమంటే చాలు, నేనే. ఎనిమిదిలో ఒకరోజు నిజంగానే లేచి, బయటికెళ్ళి, మళ్ళీ రాలేదు.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నాను? నాది వేరే సంగతి. నేనిచ్చింది స్కోర్.

ఫిబ్రవరి 21, మంగళవారం

కుందుజ్ లెక్కలు తీసి చూశాను. పిల్లలు ఏ పళ్ళెంలో ఎన్ని వేశారో అన్నీ గేమ్‌లో దాచి ఉంటాయి.

పన్నెండు, నలుగురికి: తలా రెండు వేసింది. మూడు వెయ్యాలి.
ఇరవై, ఐదుగురికి: తలా మూడు. నాలుగు వెయ్యాలి.
పద్దెనిమిది, ముగ్గురికి: తలా ఐదు. ఆరు వెయ్యాలి.

నలభైకి నలభై అంతే. ఎప్పుడూ ఒకటి తక్కువ. మిగిలినవి గుడ్డ మీద ఒక మూలకి నెట్టి పెట్టింది.

వేలు జారుతుందేమో. చలికి వేళ్ళు మొద్దుబారతాయి.

ఫిబ్రవరి 22, బుధవారం

పొయ్యి పక్కన కూర్చునే పిల్లకి వేళ్ళెందుకు మొద్దుబారతాయి?

ఫిబ్రవరి 26, ఆదివారం

పై వీధిలో ఉయ్యాల విందు. ఊరంతా అక్కడే. నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు, నా వయసుకి అదే చోటు. తిన్నాం, తాగాం, పసివాడిని ఉయ్యాల్లో కట్టారు, ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

లేచే వేళకి కవర్లు బయటికొచ్చాయి. ఇది నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. ఎవరి ముందున్న దాంట్లోంచి వాళ్ళు కాస్త తీసి కట్టుకుంటారు. మాంసం ముక్క, నాలుగు బొర్సోకులు, ఒక మిఠాయి. ఇంటి దగ్గరున్నవాళ్ళ వంతు. కెషిక్. విందుకెళ్ళి ఖాళీ చేతుల్తో ఇంటికెళ్తే ముసలమ్మలు తిట్టిపోస్తారు. వదిన నా పళ్ళెంలోంచి నేను తినబోయే బొర్సోకు లాగేసుకుని మా బుడ్డోడి కోసం కవర్లో వేసింది.

"తిననీ వదినా!"

"ఇంట్లో వాడు నోరు తెరుచుకుని కూర్చునుంటాడు, ఏం తెచ్చావంటాడు. నువ్వు చెప్తావా వాడికి సమాధానం?"

ఎదురుగా గోడవార కుందుజ్ కూర్చుని ఉంది. పక్కింటివాళ్ళతో వచ్చినట్టుంది. దాని ముందు మూడు బొర్సోకులు. రెండు తింది. మూడోదాన్ని చేతిరుమాల్లో పెట్టి, నాలుగు మూలలూ కలిపి, ముడి వేసి, కోటు జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో తట్టింది.

నా నోట్లో టీ అలాగే ఉండిపోయింది.

మూడు. ఇంటికి ఒకటి. రెండు.

అది భాగహారం సరిగ్గానే చేస్తోంది. నలభైకి నలభై చేసింది. చేశాక ఒక్కొక్క అతిథి పళ్ళెంలోంచీ ఒకటి తీసి వాళ్ళ ఇంటికోసం పక్కన పెట్టింది. దానికి తప్పు వెయ్యడానికి నేను తలుపు తీసేశాను, గోడ తీసేశాను, వాళ్ళకి ఇల్లు లేకుండా చేశాను.

ఇంకో సంగతి రాయాలి. పద్నాలుగో తేదీన రాయలేదు. కాయితం మీద స్కోర్ మాత్రమే లేదు. అడుగున కాస్త ఖాళీ మిగిలింది. "నీ మాటగా ఒక ముక్క రాయి, బరువుంటుంది" అన్నాడు డైరెక్టర్. పెన్ను తీసుకుని రాశాను.

'ఈ పిల్లకి పంచడం రాదు.'

ఆలోచించుకోలేదు కూడా. పెన్ను భలే నడిచింది.

ఫిబ్రవరి 27, సోమవారం

కుందుజ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఈ మూల పెట్టిన నాలుగూ ఎవరికి?"

నేను లేవబోతుంటే అంది. "ఇంటికి."

"ఎవరింటికి?"

"ఎవరింటికి వాళ్ళకి. నలుగురొచ్చారుగా."

ఓముర్ మెడ చాచాడు. "మేము కూడా మొదట్లో ఉంచాం బైకె. ఎర్రగా వస్తోందని మానేశాం. ఈ మిషన్‌కి ఇంటి దగ్గర ఎవరూ లేరు."

"ఉంటారు" అంది కుందుజ్, వాడి వైపు కూడా చూడకుండా.

మార్చి 1, బుధవారం

డైరెక్టర్ గదికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను.

"బైకె, గేమ్‌లో ఒక లోపముంది. కుందుజ్ విషయంలో..."

ఆయన ఫోన్ బల్ల మీద బోర్లించాడు. "లోపమా? నేను జిల్లాకి ఫోన్ చేసి ఊదరగొట్టాక లోపమా?"

"ఆ పిల్ల లెక్క తప్పు కాదు. మనం..."

"ఒరేయ్ నాయనా, విను. ఒక్క పిల్ల స్కోర్ తప్పని మనమే ఒప్పుకుంటే, మిగతా ఇరవై రెండు స్కోర్లూ తప్పే అంటారు వాళ్ళు. ట్యాబ్లెట్లు పెట్టెలో సర్దుకుని పక్క ఊరి బడికి పట్టుకుపోతారు. పిల్లలు మళ్ళీ పలకా బలపం. నువ్వు మళ్ళీ కార్ల దగ్గరికి. ఇప్పుడు ఆలోచించుకుని చెప్పు. లోపముందా?"

కిటికీ అవతల పిల్లలు మంచు గడ్డని బంతి చేసి తంతున్నారు.

"చిన్నదే బైకె. నేను సర్దేస్తాను."

"అదీ మాట!"

గేమ్‌నే సర్దుతానన్నాననుకున్నాను. కారిడార్ చివరిదాకా అలాగే అనుకున్నాను.

మార్చి 2, గురువారం

గేమ్ మారిస్తే పాత స్కోర్లు నిలవవు. అది కుదరదు. పిల్లకి నేర్పితే మాత్రం ఎవరికీ నష్టం లేదు. హాస్టలుకి వెళ్ళదు, అవ్వ దగ్గరే ఉంటుంది. ట్యాబ్లెట్లు ఉంటాయి. నేనుంటాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

ఇది మోసం కాదు. నేర్పడం. బడి ఉన్నదే దానికి.

మార్చి 3, శుక్రవారం

అందరూ వెళ్ళాక కుందుజ్‌ని ఉండమన్నాను. పొయ్యి పక్కన స్టూలు వేసుకున్నాను.

"చూడు, మూలకి ఏమీ నెట్టకు. అన్నీ పళ్ళేల్లోనే వేసెయ్."

"ఖాళీ చేతుల్తో వెళ్తారా?"

"వెళ్తారు."

"ఇంట్లోవాళ్ళు అడగరా?"

"లెక్కలో ఇల్లు ఉండదు కుందుజ్."

ట్యాబ్లెట్‌ని కాసేపు చూసింది. నలుగురూ తెల్లటి ఖాళీలో కూర్చుని ఉన్నారు. "మరి తిన్నాక ఎక్కడికెళ్తారు?"

"ఎక్కడికీ వెళ్ళరు. అక్కడే ఉంటారు."

"పాపం" అంది.

వేలు కదపదు. పావుగంట అలాగే కూర్చుంది. లేచాను, తిరిగాను, పొయ్యిలో బొగ్గు వేశాను, మళ్ళీ వచ్చాను. అప్పుడు నోరు జారాను. నోరు జారడం కాదు, తెలిసే అన్నాను.

"నువ్విలాగే చేస్తే వచ్చేవాళ్ళు నిన్ను నారిన్‌కి తీసుకుపోతారు. అవ్వ ఒక్కతే ఉంటుంది."

తలెత్తి నన్ను చూసింది. తర్వాత మూలనున్న నాలుగింటినీ ఒక్కొక్కటే లాగి ఒక్కొక్క పళ్ళెంలో వేసింది. మూడు, మూడు, మూడు, మూడు.

గంట మోగింది. భాగహారంలో ఆ గంట ఈ పిల్ల చేతిలో మోగడం మొదటిసారి కదా, ఉలిక్కిపడింది.

మార్చి 6, సోమవారం

పదికి పది.

మార్చి 8, బుధవారం

ఇవాళ ఆడవాళ్ళ పండగ, సైరా ఎజెకి పూలిచ్చాను. "కుందుజ్ అన్నీ చేస్తోందే! ఏం చేశావు?" అంది. గేమ్ మహిమ అన్నాను. ఆమె పూలు వాసన చూసింది.

మార్చి 14, మంగళవారం

ముగ్గురొచ్చారు. కళ్ళజోడుకి గొలుసున్న ఒకావిడ, ఆవిడ వెనక ఫైళ్ళు మోసే ఇద్దరు. ట్యాబ్లెట్లు పొద్దున్నే పిల్లల చంకల్లో వేడెక్కాయి. అన్నీ సవ్యంగా నడిచాయి.

తర్వాత కుందుజ్‌ని ముందుకి పిలిచారు. సైరా ఎజె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆవిడ నా కాయితం చేతిలో పెట్టుకుని కింద చేత్తో రాసింది పైకే చదివింది. "'ఈ పిల్లకి పంచడం రాదు.' ఊ. చూద్దాం."

ఇరవై లెక్కలిచ్చారు. ఇరవైకి ఇరవై. ఒక్కదాని దగ్గరా ఆగలేదు.

"నెలరోజుల్లో సున్నా నుంచి ఇరవైకి ఇరవై!" ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "మందబుద్ధి ఎక్కడుందండీ ఇక్కడ? ఎసెన్‌గుల్, మీ గేమ్ అద్భుతం!" హాస్టలు కాయితం మీద 'అవసరం లేదు' అని రాసి సంతకం పెట్టింది. మిగతా బళ్ళకి కూడా ఈ గేమ్ ఇద్దామంది. ఫోటో తీశారు.

వెళ్తూ వెళ్తూ వంగి కుందుజ్ బుగ్గ తట్టింది. "ఎలా నేర్చుకున్నావు తల్లీ?"

"ఇల్లు తీసేశాను."

"ఏమంటోంది?"

"సిగ్గండీ దానికి" అన్నాడు డైరెక్టర్. "ఇంటి దగ్గర కూడా సాధన చేసిందంటోంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానని రాసుకోవాలి.

మార్చి 15, బుధవారం

ఉద్యోగం ఖాయం. వదిన పలావు వండింది. ఆకలి లేదన్నాను.

మార్చి 20, సోమవారం

రేపు నూరూజ్, కొత్త సంవత్సరం పండగ. క్లాసులో విందు. పిల్లల ఇళ్ళ నుంచి బొర్సోకులొచ్చాయి, పెద్ద గిన్నె నిండా. సైరా ఎజె చేతులు తుడుచుకుంటూ, "ఇవాళ పంచేది కుందుజ్" అంది. గౌరవానికే అంది. చప్పట్లు కొట్టారు.

కుందుజ్ గిన్నెలోవి లెక్కపెట్టింది. డెబ్బై ఐదు. మనుషుల్ని చూసింది. పిల్లలు ఇరవై ముగ్గురు, ఎజె, నేను. "తలా మూడు" అంది, కాయితం, పెన్సిలు ఏమీ లేకుండా. పంచింది. గిన్నె ఖాళీ.

తనవి మూడూ అక్కడే కూర్చుని తినేసింది. చేతులు దులుపుకుంది. చేతిరుమాలు తియ్యలేదు.

నావి మూడూ తినలేకపోయాను, జేబులో వేసుకున్నాను.

బాత్మా అవ్వ సంతకం కావాలని డైరెక్టర్ ఒక కాయితమిచ్చాడు, పిల్ల ఇక్కడే చదువుతుందని. కుందుజ్ వెంట వాళ్ళింటికెళ్ళాను. దారి బురద.

అవ్వ గుడ్డ పరిచి, రెండు కప్పుల్లో టీ పోసి, గోడకి ఆనుకుని ఎదురుచూస్తోంది. గుడ్డ మీద ఏమీ లేదు. బళ్ళో విందని ఆమెకి తెలుసు. ఏదో ఒకటి వస్తుందని టీ మాత్రమే పోసి కూర్చుంది.

"వచ్చావా నా తల్లీ. ఏం తెచ్చావు?"

"ఏం లేదవ్వా."

"ఏం లేదా?" అవ్వకి కోపం రాలేదు, అర్థం కాలేదు. "విందు జరగలేదా?"

"జరిగింది. తలా మూడు. లెక్కలో ఇల్లు ఉండదవ్వా."

"ఏ లెక్కలో?"

కుందుజ్ నా వైపు చూసింది. అవ్వ కూడా నా వైపే చూసింది.

జేబులోంచి మూడూ తీసి గుడ్డ మీద పెట్టాను. అవ్వ వాటిని చూసి, ఒకటి కుందుజ్ ముందుకి జరిపింది. ఒకటి తన టీలో ముంచింది. మూడోది నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది మీ వదిన కొడుక్కి. ఏం, నీకు మాత్రం ఇల్లు లేదా? ఖాళీ చేతుల్తో పోతావా?"

గంట మోగలేదు. ఎరుపూ రాలేదు. కుందుజ్ తన ముందున్నదాన్ని ముట్టుకోకుండా అవ్వ చేతినే చూస్తూ కూర్చుంది.

మార్చి 21, మంగళవారం

నూరూజ్. ఊళ్ళో డప్పులు. పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

గోడ కట్టాను. తలుపు పెట్టాను. తలుపు పక్కన మేకుకి ఒక గుడ్డ సంచి తగిలించాను. సంచిలో ఇంటికెన్ని, పళ్ళెంలో ఎన్ని, రెండూ పిల్లలే చెప్పాలి. ఎంత ఉంచినా పచ్చే వస్తుంది, కూడితే లెక్క సరిపోవాలి అంతే. ముసలాయనకి గడ్డం కూడా తిరిగి పెట్టాను. కల్పాక్ సంగతి తర్వాత చూడాలి.

వదిన వచ్చి తొంగి చూసింది. "అమ్మయ్య, దిగారా కిందికి" అంది.

తర్వాత కాయితం తీసుకున్నాను. జిల్లాకి, ఆ కళ్ళజోడావిడకి. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఐదోసారి ఇలా వచ్చింది:

'ఆ పిల్ల మొదట చేసిన నలభై లెక్కలూ సరైనవే. నా గేమ్ తప్పు. ఈ పిల్లకి పంచడం రాదని రాసింది నేను. పంచడం రానిది నాకు. ఆ ఒక్క వాక్యం కొట్టెయ్యండి, అది ఆమెకంటే ముందు నాలుగో క్లాసులోకి వెళ్ళకూడదు.'

కింద నా పేరు. ఈసారి అచ్చులో కాదు.

ఇది పంపితే ఏమవుతుందో డైరెక్టర్ అప్పుడే చెప్పాడు. ట్యాబ్లెట్లు పోవచ్చు. నా పని కచ్చితంగా పోతుంది. ఓముర్ నన్ను తిడతాడు.

కాయితం జిల్లాకి వెళ్ళాలంటే డైరెక్టర్ చేతికే ఇవ్వాలి. సెలవులయ్యాక ఇద్దామా అనిపిస్తోంది. పండగ కదా, ఇవాళెందుకు, ఆయన విందులో ఉంటాడు, తిన్నాక ఇద్దాం, చల్లబడ్డాక ఇద్దాం. కూర్చుని ఆలోచిస్తే ఇలాంటివి ఎన్నైనా వస్తాయి.

వెళ్తున్నాను. నాకెలాగూ కూర్చోవడం రాదు.